దుప్పి మాంసానికి వాసన ఎందుకొస్తుంది? కత్తి, ఐసు, మొదటి అరగంట

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో, లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్ళే తెలుగువాళ్ళు కొందరున్నారు. మీ ప్రవాస పేజీని చదివేవాళ్ళలో వాళ్ళూ ఉంటారు కనుక ఈ ఉత్తరం. ఏ తుపాకీ, ఏ తూటా అని నెలల తరబడి మాట్లాడుకుంటారు గానీ, జంతువు నేలకొరిగాక మొదటి అరగంటలో చేయాల్సిన పని గురించి మాట్లాడుకునేది తక్కువ. ఆ తర్వాత ఇంట్లో కూర వండి, ఒక ముద్ద తిని, ‘జింక వాసన వస్తోంది’ అని మిగతాదంతా పారేస్తారు. ప్రాణం తీసి మరీ తెచ్చుకున్న మాంసాన్ని చెత్తబుట్టలో వేయడం తప్పు. పైగా ఆ వాసన చాలాసార్లు జింకది కాదు. లోపల నిలిచిపోయిన వేడి, పేగుల్లోంచి కారిన మలినం, మాంసానికి అంటిన వెంట్రుకలు కలిసి తెచ్చిన వాసన అది.

ముందుగా ఒక మాట. ఇదంతా అమెరికాకే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం, దాని మాంసం దగ్గర ఉంచుకోవడమూ నేరమే. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల దుప్పి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. ఈ రెండింటినీ 1930లలో టెక్సాస్‌కు తీసుకెళ్ళి వదిలారు. అక్కడి కొండప్రాంతంలో అవి విపరీతంగా పెరిగి, స్థానిక తెల్లతోక జింకల మేతకు పోటీ అయ్యాయి. అందుకే టెక్సాస్‌లో దుప్పికి వేట సీజను అంటూ లేదు, ఏడాదంతా వేటాడవచ్చు. వేట లైసెన్సు, భూమి యజమాని అనుమతి మాత్రం తప్పనిసరి. తెల్లతోక జింక లెక్క వేరు. దానికి నిర్ణీత సీజను ఉంది, పడగానే ట్యాగు కట్టాలి.

సీజను లేకపోవడంతోనే చిక్కు మొదలవుతుంది. తెల్లతోక జింకను చలికాలంలో వేటాడతారు. దుప్పి పోతులు ఎదకొచ్చి బయట తిరిగేది మే నుంచి ఆగస్టు మధ్య, అంటే 35 డిగ్రీల ఎండల్లో. బతికున్న జింక ఒంటి వేడి సుమారు 39 డిగ్రీలు. ప్రాణం పోయాక ఆ వేడి బయటికి పోవడానికి దారి ఉండదు. తోలు కంబళిలా కప్పి ఉంటుంది, పొట్టలో పులుస్తున్న మేత వేడి పుట్టిస్తూనే ఉంటుంది. చలికాలంలో గంటా రెండు గంటలు ఆలస్యమైనా గట్టెక్కే పని, ఎండాకాలంలో గట్టెక్కదు. మాంసాన్ని ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా 4 డిగ్రీల కిందికి తేవాలి. మిగతా పనిముట్లు, పద్ధతులు అన్నీ ఈ ఒక్క పని కోసమే.

కత్తి విషయానికొస్తే, కొత్తవాళ్ళు కొనేది దాదాపు ఎప్పుడూ అవసరానికి మించి పెద్దది. మటన్ కొట్టులో మొద్దు మీద ఎముకలు నరికే కత్తికీ ఈ పనికీ సంబంధం లేదు. జింక పొట్ట తీయడానికి 8 నుంచి 10 సెంటీమీటర్ల అలుగు చాలు. అలుగు పిడిలోకి పూర్తిగా దిగి ఉండాలి, మడత కత్తి కాకూడదు. మడత కత్తి కీలులోకి రక్తం, కొవ్వు చేరతాయి. ఇంటికొచ్చి ఎంత కడిగినా పూర్తిగా పోవు. పని మధ్యలో కీలు జారి మూసుకుంటే వేళ్ళు తెగుతాయి. మొన మరీ పైకి లేచి ఉండకూడదు, వెన్ను నుంచి కిందికి వాలి ఉండాలి. పైకి లేచిన మొన పొట్ట లోపల పేగును వెతికి మరీ గుచ్చుతుంది. పిడి రబ్బరులాంటి గరుకైన పదార్థంతో ఉంటే నెత్తురు చేతుల్లో జారదు. కర్ర, కొమ్ము పిడులు చూడటానికి బాగుంటాయి గానీ తడిని పీల్చుకుంటాయి. నారింజ రంగు పిడి కొనండి. గోధుమరంగు పిడి ఉన్న కత్తిని మసక వెలుతురులో ఎండుగడ్డిలో పెడితే మళ్ళీ దొరకదు.

అలుగు మార్చుకునే కత్తులు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. సర్జన్లు వాడే అలుగులంత పదును, తోలు ఒలవడానికి చాలా బాగుంటాయి. అయితే అవి సన్నని రేకులు. కీళ్ళ దగ్గర పక్కకు వంచితే పుటుక్కున విరుగుతాయి, విరిగిన ముక్క మాంసంలో ఉండిపోతుంది. అది కూరలో, పిల్లల పళ్ళెంలో తేలే ప్రమాదం ఉంది. వాడాలనుకుంటే తోలు పనికే వాడండి, కీలు విడదీసేటప్పుడు మామూలు కత్తి పట్టుకోండి. అలుగు మార్చేటప్పుడు వేళ్ళతో లాగకుండా చిన్న పట్టకారు వాడండి. పొట్ట చీల్చడానికని వెన్ను మీద కొక్కెం ఉన్న కత్తులు వస్తాయి. కొత్తలో నున్నగా చీల్చుతాయి, తర్వాత కొక్కెంలో వెంట్రుకలు ఇరుక్కుంటాయి, దానికి సాన పట్టడం కష్టం. రెండు వేళ్ళు, మంచి పదునున్న చిన్న కత్తి ఉంటే ఆ కొక్కెంతో పనిలేదు. మలద్వారంలో దూర్చి తిప్పి లాగే ప్లాస్టిక్ పనిముట్టు కూడా అంతే. కత్తితో నిమిషంలో అయ్యే పని అది.

పదును గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మొద్దు కత్తిని బలంగా నొక్కాలి, నొక్కినప్పుడే అది జారి చేతిలోకో పేగులోకో దిగుతుంది. ఒక్కో వైపు 20 డిగ్రీల కోణంలో సాన పట్టిన అంచు ఈ పనికి సరిపోతుంది. ఇంకా పలచగా పడితే ఎముక తగలగానే అంచు మడతపడుతుంది. కత్తిని మొద్దుబార్చేది మాంసం కాదు, వెంట్రుకల్లో ఉండే దుమ్మూ ఇసుకా. అందుకే తోలును ఎప్పుడూ లోపలి నుంచి బయటికి కోయాలి. మొదటి గాటు ఒక్కటే బయటి నుంచి, తర్వాత కత్తిని తిప్పి, అంచు ఆకాశం వైపు ఉండేలా చీల్చాలి. అలా చేస్తే వెంట్రుకలు తెగి మాంసం మీద పడవు, కత్తి పదునూ నిలుస్తుంది. జేబులో ఒక పింగాణీ సాన కడ్డీ ఉంచుకుంటే పని మధ్యలో నాలుగుసార్లు రాసుకోవచ్చు.

సంచిలో ఇంకా ఉండాల్సినవి: రెండు మూడు జతల నైట్రైల్ చేతితొడుగులు, మూడు మీటర్ల గట్టి తాడు, మలద్వారం బిగించడానికి ప్లాస్టిక్ టైలు, తలకు కట్టుకునే లైటు, కాగితపు తువ్వాళ్ళు, సన్నని నేత నూలు సంచులు నాలుగు, చిన్న ఎముక రంపం. గొడ్డలి వద్దు. ఎముకను గొడ్డలితో కొడితే పెంకులు లేచి మాంసంలో దిగబడతాయి. మాంసాన్ని ప్లాస్టిక్ చెత్తసంచుల్లో వేసి మూట కట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వేడి బయటికి పోదు, తడి ఆరదు. కొన్ని సంచులకు వాసన కోసం, క్రిములు చావడం కోసం మందులు కూడా కలుపుతారు.

పని క్రమం ఇది. కంటి గుడ్డును కర్రతో తాకి, రెప్ప కదలడం లేదని చూసుకున్నాకే దగ్గరికి వెళ్ళాలి. మనవాళ్ళు కొందరు వెంటనే గొంతు కోస్తారు, నెత్తురంతా కారిపోవాలని. తూటా గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే రక్తం అప్పటికే రొమ్ము గూట్లో నిండి ఉంటుంది. గుండె ఆగాక గొంతు కోసినా పెద్దగా కారేదేమీ ఉండదు. రొమ్ము గూడు తెరిచి బోర్లించినప్పుడే ఆ రక్తం బయటికి పోతుంది.

జంతువును వెల్లకిలా, తల కాస్త ఎత్తులో ఉండేలా పడుకోబెట్టాలి. మొదట మలద్వారం చుట్టూ కత్తిమొనతో గుండ్రంగా, తుంటి ఎముక లోపలి అంచును ఆనుకుంటూ, ఏడెనిమిది సెంటీమీటర్ల లోతు కోయాలి. ఆ పేగును కొద్దిగా బయటికి లాగి టైతో బిగించాలి. ఈ పని వెనక్కి నెట్టి పొట్టతో మొదలుపెట్టేవాళ్ళు చివర్లో అన్నీ లాగేటప్పుడు పెంటికలను తొడ కండల మీద జల్లుకుంటారు. కొందరు తుంటి ఎముకను రంపంతో రెండుగా కోస్తారు. అవసరం లేదు. దాని కిందే మూత్రాశయం ఉంటుంది, రంపం జారితే చిల్లు పడుతుంది.

తర్వాత రొమ్ము ఎముక చివర, తోలును చిటికెతో పైకి లేపి చిన్న గాటు పెట్టాలి. రెండు వేళ్ళను గాటులో దూర్చి వీ ఆకారంలో విప్పి, పొట్టను కిందికి నొక్కి పట్టి, వేళ్ళ మధ్య కత్తిని అంచు పైకి ఉండేలా నడుపుతూ తొడల మధ్య వరకూ రావాలి. పోతు అయితే అంగాన్ని పక్కకు ఒలుచుకుంటూ, పెంటి పాలిస్తుంటే పొదుగును కోయకుండా మొత్తంగా తీసి పక్కన పెట్టాలి. ఒలికిన పాలు త్వరగా పులిసి మాంసాన్ని పాడు చేస్తాయి. దుప్పి కూడా మేకలాగే నెమరువేసే జంతువు. పెద్ద పొట్ట ఎడమవైపు నిండుగా ఉంటుంది. ఎండలో గంట గడిస్తే అది గ్యాసుతో ఉబ్బి తోలుకు ఆనుకుంటుంది. అప్పుడు ఎంత నేర్పరి చేతిలోనైనా మొన తగిలే ప్రమాదం ఎక్కువ. ఉబ్బకముందే పని మొదలుపెట్టడం ఒక్కటే దానికి మందు.

పొట్టకూ రొమ్ముకూ మధ్య పలచని కండ పొర ఒకటి అడ్డంగా ఉంటుంది. దాన్ని పక్కటెముకల వెంట రెండు వైపులా కోస్తే రొమ్ము గూడు తెరుచుకుంటుంది, రక్తం బయటపడుతుంది. ఇక చేతిని మోచేతి వరకూ లోపలికి పంపి శ్వాసనాళాన్ని పట్టుకుని, పట్టుకున్న చేతికి పైన కోయాలి. కళ్ళకు కనపడని చోట పదునైన కత్తి, రెండు చేతులు కలిసే క్షణం ఇది. వేళ్ళు తెగేవి ఎక్కువగా ఇక్కడే. కత్తి వెన్ను మీద చూపుడువేలు పొడవునా ఆనించి, మొన వేలికొస దాటి పెద్దగా రాకుండా పట్టుకోండి. రొమ్ము ఎముకను రంపంతో కోస్తే ఈ గుడ్డి పని తప్పుతుంది. తలను గోడకు పెట్టించుకోవాలనుకునేవాళ్ళు మాత్రం తోలును అంత పైకి చీల్చకూడదు. శ్వాసనాళాన్ని పట్టుకుని తోక వైపు లాగితే గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు ఒకే ముద్దగా జారి వస్తాయి. ఎక్కడైనా అతుక్కుని రాకపోతే బలంగా లాగవద్దు, అక్కడ వెన్నుకు అంటిన పొరను కోయండి. మూత్రాశయాన్ని మెడ దగ్గర వేళ్ళతో నొక్కి పట్టి విడదీయండి. తర్వాత జంతువును బోర్లించి, కాళ్ళు విప్పార్చి కొన్ని నిమిషాలు ఉంచితే మిగిలిన రక్తం కారిపోతుంది.

కార్జం తీసేటప్పుడు మేకలో అయితే చేదుకట్టు చితకకుండా చూసుకుంటాం. జింకలకు చేదుకట్టు ఉండదు కాబట్టి ఆ భయం లేదు. కార్జం నున్నగా, ముదురు రంగులో ఉంటేనే వండుకోవాలి. గడ్డలు, తెల్లని మచ్చలు, ఆకులాంటి పెద్ద పురుగులు కనిపిస్తే పారేయండి. ఆ పురుగులు తెల్లతోక జింకల్లో కనిపిస్తుంటాయి. అవి మనుషులకు సోకవు, మిగతా మాంసానికి హాని లేదు.

పొట్టలోని ఆకుపచ్చ రసం ఒలికితే ఏం చేయాలి? చాలామంది వెంటనే నీళ్ళ గొట్టం పెడతారు. నీళ్ళు మలినాన్ని కడిగేకన్నా ఎక్కువగా మాంసమంతా పాకిస్తాయి, తడి మిగిలితే సూక్ష్మజీవులకు పండగే. ఒలికిన చోట రెండు సెంటీమీటర్ల మందాన కోసి తీసేయడమే సరైన పని. తూటా నేరుగా పొట్టకు తగిలి లోపలంతా చెదిరితే శుభ్రమైన నీటితో కడగక తప్పదు. కడిగిన వెంటనే తువ్వాళ్ళతో తుడిచి, గాలికి ఆరబెట్టి, ఐసులోకి పంపాలి. తెల్లతోక జింక వెనక కాళ్ళ కీళ్ళ లోపలివైపు, ముదురు రంగు వెంట్రుకల కింద ఘాటు వాసన గ్రంథులుంటాయి. వాటిని కోయవద్దు, తాకవద్దు. తాకితే చేతితొడుగు మార్చాకే మాంసం ముట్టుకోండి.

ఎండాకాలం దుప్పికి ఇంకో పద్ధతి మేలు. పొట్ట అసలు తెరవకుండానే మాంసం తీయడం. జంతువును పక్కకు పడుకోబెట్టి, వెన్ను వెంట తోలు చీల్చి కిందికి ఒలిచి, ముందు జబ్బను తీయాలి. జబ్బకు ఎముకల కీలు లేదు, కండే పట్టి ఉంచుతుంది, కత్తి నడిపితే ఊడి వస్తుంది. తర్వాత వీపు కండ, ఆపైన తొడ కీలు. ఇక రెండో వైపు తిప్పడం. చివరి పక్కటెముక వెనక చిన్న గాటు పెట్టి లోపలి మెత్తని కండలను వేళ్ళతో లాగవచ్చు. తోలు వేడిగా ఉన్నప్పుడే ఒలవాలి. మన ఊళ్ళో మేక తోలు తీసేవాళ్ళు కత్తి కన్నా పిడికిలితోనే ఎక్కువ తోస్తారు కదా, అదే ఇక్కడా. చేయి తిరిగినవాళ్ళకు ఇలా అరగంటలో మాంసం ఐసులో ఉంటుంది. దుప్పికి ఈ పద్ధతి వాడవచ్చు. తెల్లతోక జింకను ముక్కలు చేసే ముందు మాత్రం ఆడా మగా తెలిపే గుర్తులు ఉంచడం మీద ఆ ఏడాది నియమాలు చూసుకోండి.

తొడను అలాగే ఐసు మీద పెట్టినా ఒక చోటు మిగిలిపోతుంది. తొడ ఎముక చుట్టూ, తుంటి కీలు దగ్గర. కండ అక్కడ అన్నిటికన్నా మందం, వేడి చివరిదాకా నిలుస్తుంది, లోపల పులుస్తుంది. బయట ఎర్రగా నిగనిగలాడుతూ, ఎముక దగ్గర కోస్తే ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. తొడ లోపలివైపు ఎముక దాకా ఒక నిలువు గాటు పెట్టి తెరిచి ఉంచండి. ఇలా పాడైన మాంసాన్ని అల్లం వెల్లుల్లి, గరం మసాలా దాచలేవు.

ఐసుకు లెక్క ఉంది. 30 కిలోల మాంసాన్ని 39 నుంచి 4 డిగ్రీలకు తేవడానికే సుమారు 11 కిలోల ఐసు కరగాలి. ఎండలో పెట్టె గోడల గుండా వచ్చే వేడికి మరింత కావాలి. కిలో మాంసానికి కిలో ఐసు అని పెట్టుకుంటే ఇబ్బంది రాదు. చిన్న ముక్కల ఐసు త్వరగా చల్లబరుస్తుంది, గడ్డ ఐసు ఎక్కువసేపు నిలుస్తుంది, రెండూ కలిపి వాడండి. టెక్సాస్‌లో చాలామంది మాంసాన్ని కరిగిన ఐసు నీళ్ళలోనే రోజుల తరబడి నానబెడతారు, నెత్తురు పోతుందని. పోయేది రుచి. ఒక ముక్క మీది మలినం ఆ నీళ్ళతో అన్నిటికీ అంటుకుంటుంది. పెట్టె అడుగున జల్లెడలాంటి పలక వేసి, నీటి బిరడా తీసి, పెట్టెను కాస్త వాలుగా పెట్టండి.

సీసం తూటా వాడితే గాయం చుట్టూ సీసం నలుసులు కంటికి కనపడనంత చిన్నవిగా చెదురుతాయి. నెత్తురు గడ్డకట్టిన కండనంతా, దాని చుట్టూ మరికొంతా ధారాళంగా కోసి పారేయాలి. ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే రాగి తూటాకు మారడం మంచిది.

పిడుదుల గురించి కూడా చెప్పాలి. జంతువు చల్లబడుతుంటే అవి దాన్ని వదిలి దగ్గరున్నవాళ్ళ మీదికి ఎక్కుతాయి. టెక్సాస్‌లో ఉండే ‘లోన్ స్టార్’ రకం పిడుదు కుడితే కొందరికి మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలేవీ పడని ఎలర్జీ వస్తుంది. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకోండి.

తలకాయ కూర, భేజా, వెన్నెముక చారు ఇష్టపడేవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. అమెరికాలో తెల్లతోక జింకలకు, మ్యూల్ జింకలకు మెదడును తినేసే జబ్బు ఒకటి వస్తోంది. ఇంగ్లిష్‌లో దాన్ని క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, పొడి అక్షరాల్లో సీడబ్ల్యూడీ అంటారు. మొదట 1967లో కొలరాడోలో కనిపించింది, 2012లో టెక్సాస్‌లో బయటపడింది. మనిషికి సోకినట్టు రుజువు లేదు. అయినా జబ్బు తేలిన జంతువు మాంసం తినవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. ఈ జబ్బుకు కారణం సూక్ష్మజీవి కాదు, వంకర తిరిగిన ఒక ప్రోటీన్. ఎంత ఉడికించినా అది చావదు. ఈ జింకల మెదడు, వెన్నుపాము, కళ్ళు, తిల్లి, మెడ గ్రంథులు వండవద్దు. వెన్నెముకను రంపంతో అడ్డంగా కోయకుండా, కండను ఎముక నుంచి విడదీసి తీసుకోండి. జబ్బు ఉన్న ప్రాంతంలో తలను పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చాకే తినండి. కత్తులకు అంటిన మాంసం మొత్తం తుడిచి, నాలుగు వంతుల ఇంటి బ్లీచుకు ఆరు వంతుల నీళ్ళు కలిపి అయిదు నిమిషాలు ఉంచితే, ఉక్కు పైభాగం మీది ఆ ప్రోటీన్ నిర్వీర్యమవుతుందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2019లో చూపారు. వెంటనే మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే బ్లీచు ఉక్కును తినేస్తుంది.

మిగిలిన ఎముకలు, తోలు, తలను కారులో వేసుకుని వచ్చి ఇంటి దగ్గరి వాగుగట్టున పడేయడం జబ్బును కొత్త చోటికి మోసుకెళ్ళడమే. వేటాడిన పొలంలోనే వదలాలి, లేదా అనుమతి ఉన్న చెత్త డిపోకు చేర్చాలి, లేదా మూడడుగుల మట్టి కప్పేలా లోతుగా పూడ్చాలి.

మీ ప్రవాస పేజీలో జింక మాంసం వంటకం ఎప్పుడైనా వేస్తే, కైమా ముద్దల నడిమధ్యన 71 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలన్న మాట కూడా చేర్చమని మనవి.

– ఒక పాఠకుడు,
శాన్ ఆంటోనియో, టెక్సాస్